నలభై ఎనిమిదో నిమిషం

ఇంకేం, మొదలైంది. ఎవరూ మీట నొక్కలేదు, గంట కొట్టలేదు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు నిండి ఖాళీ అయిన మూడు బ్యాటరీ సెల్స్ వెయ్యోసారి నిండి, ఇప్పుడు వెయ్యోసారి ఖాళీ కావడం మొదలుపెట్టాయి. తెర మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు మూడూ, సెల్‌కు ఒకటి చొప్పున, పైనుంచి బయల్దేరాయి. పక్కన గడియారం అంకెలు, సున్నా నిమిషాలు పదకొండు సెకన్లు. ఓతిలియా కుర్చీలో వెనక్కి ఆనుకోబోయింది. ఆనుకుంటే ధీమాగా ఉన్నట్టు కనిపిస్తుందేమోనని ముందుకు వంగింది. వంగితే కంగారు పడుతున్నట్టు తెలిసిపోతుందని మళ్లీ నిటారుగా కూర్చుంది. నలభై నాలుగేళ్ల మనిషి, రసాయన శాస్త్రంలో డాక్టరు, కుర్చీలో ఎలా కూర్చోవాలో ఇవాళ మర్చిపోయింది. కిటికీ బయట పోలండ్‌లోని వూచ్ పట్నం డిసెంబరు ఆకాశం కింద బూడిద రంగులో పడి ఉంది, కింద వీధిలో ట్రాము మలుపు తిరుగుతూ కీచుమంది, ఎవరి ఇంటి పొయ్యిలోంచో బొగ్గు పొగ వాసన కిటికీ సందులోంచి లోపలికి వచ్చింది. నిమిషం నలభై సెకన్లు. కొత్త సెల్ ఖాళీ కావడానికి సరిగ్గా అరవై నిమిషాలు పడుతుంది. వెయ్యిసార్లు వాడాక కనీసం నలభై ఎనిమిది నిమిషాలు పట్టాలి, అయిదింట నాలుగు వంతులు. దానికి ఒక్క నిమిషం తగ్గినా ఈ వృత్తిలో దాన్ని చచ్చిన సెల్ అంటారు. అంటే ఆలస్యం ఎంతయితే అంత మంచిది. ట్రాము కోసం, జీతం కోసం, డాక్టరు పిలుపు కోసం జీవితమంతా తొందరపడుతూ ఎదురు చూసిన ఓతిలియాకు, ఆలస్యం కావాలని ఇంతగా కోరుకోవడం ఇదే మొదటిసారి.

కాళ్ల దగ్గర సంచిలో ఉత్తరం ఉంది. టైపు చేసిందీ తనే, సంతకానికి ఖాళీ వదిలిందీ తనే. 'మే నెలలో నేను ప్రకటించిన ఫలితాన్ని మళ్లీ రాబట్టలేకపోయినందువల్ల దానిని వెనక్కి తీసుకుంటున్నాను.' ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆమెకు రెండు రాత్రుళ్లు పట్టింది. మూడు సెల్స్‌లో ఏ ఒక్కటి నలభై ఎనిమిదో నిమిషం లోపల చతికిలబడినా, పన్నెండింటికి డైరెక్టరు గదిలో సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం పోదు, జైలుకూ పంపరు. కానీ ఆ తర్వాత ఏ సభలో నోరు విప్పినా వెనక వరుసల్లో ఎవరో ఒకరు పక్కవాడి చెవిలో ఏదో చెబుతారు, వాడు తలవంచుకుని నవ్వుతాడు. అదీ భయం. అబద్ధాల మనిషి అనిపించుకోవడం కన్నా తెలివితక్కువదాన్ని అనిపించుకోవడమే నయం అనుకుంది ఒక రోజు, రెండూ కలిపి అంటారేమో అనుకుంది మర్నాడు. నాలుగు నిమిషాలు. గీతలు మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్క గీతలా ఉన్నాయి, దగ్గరికి వెళ్లి చూస్తే గానీ వేరుగా కనపడవు. దగ్గరికి వెళ్లకూడదు, ముట్టుకోకూడదు, అదీ ఒప్పందం.

సెవెరిన్ బల్లకు అటువైపు కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. ఈ రోజుల్లో పెన్సిల్ చెక్కుకునే మనిషిని నమ్మాలా వద్దా అన్నది ఆమెకు పదిహేనేళ్లుగా తేలలేదు. ఆమె ప్రయోగశాల నాలుగో అంతస్తులో, ఇతనిది రెండో అంతస్తులో, ఇద్దరూ చేసేది ఒకటే పని, బ్యాటరీ ఆయువు పెంచడం. మే నెల తర్వాత సంస్థ మీటింగులో అందరి ముందూ, "డాక్టరు గారిది ఒక్క సెల్ మహిమ. మా అమ్మమ్మ ఊళ్లో మేరీ మాత విగ్రహం కూడా ఒక్కసారే కన్నీళ్లు పెట్టుకుంది, మళ్లీ పెట్టుకోమంటే పెట్టుకోలేదు" అన్నది ఇతనే. అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరు దగ్గినట్టు నటించి నవ్వాడు. ఓతిలియా కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా పలచనైపోతానని. లిఫ్టులోకి వెళ్లాక తలుపు మూసుకునే దాకా పంటి బిగువున ఆపుకుని, అప్పుడు ఏడ్చింది. సెప్టెంబరులో మళ్లీ ఇతనే, "నా చేత్తో నేను చేస్తాను, నా గదిలో, నా యంత్రం మీద. డాక్టరు గారు వేలు పెట్టకూడదు, చూడకూడదు. వెయ్యోసారికి పిలుస్తాను, అప్పుడు అందరం చూద్దాం" అన్నాడు. తొంభై రోజులు. మధ్యలో ఏమవుతోందో ఇతనికి తెలుసు, ఆమెకు తెలీదు. బతికి ఉన్నాయో, ఎప్పుడో చచ్చి ఊరకే లెక్క నింపుకుంటున్నాయో.

ఏడు నిమిషాలు. బల్ల కింద, సెవెరిన్ బూట్ల పక్కన, మిఠాయి దుకాణం వాళ్ల అట్టపెట్టె ఉంది, తెల్ల పురికొసతో కట్టి. క్రిస్మస్‌కు ముందుగా ఇంటికి పట్టుకెళుతున్నాడు కాబోలు. ఇతనికి ఇద్దరో ముగ్గురో పిల్లలు. పెట్టె మీద పురికొస ముడి ఎంత బిగుతుగా వేసిందో ఆ దుకాణం పిల్ల, కత్తి లేకుండా రాదు. ఎందుకు చూస్తున్నాను దాన్ని? తెర చూడు. తెర చూస్తే గుండె దడదడలాడుతోంది, పెట్టె చూస్తేనే నయం.

ఆ మూడు సెల్స్ ఉన్నది గోడవార ఇనప బీరువాలో, నలభై అయిదు డిగ్రీల ఉక్కలో. ఒక్కొక్కటీ చేతి గడియారంలో వేసే బిళ్లంత. అందులో నల్లటి పొడి, వేలితో తాకితే కాటుకలా అంటుకునే పొడి, నికెల్ పాలు ఎక్కువ. అదే కాథోడ్. నింపినప్పుడల్లా లిథియం ఆ పొడి గింజల్లోంచి బయటికి పోతుంది, వాడినప్పుడల్లా తిరిగి ఇంటికొస్తుంది. పోయినప్పుడు గింజ ముడుచుకుంటుంది, వచ్చినప్పుడు ఉబ్బుతుంది. ముడుచుకుని ఉబ్బి, ముడుచుకుని ఉబ్బి, ఎన్నిసార్లని ఓర్చుకుంటుంది పాపం, ఒకరోజు పగులుతుంది. పగులులోకి చుట్టూ ఉన్న ద్రవం దూరి కొరుక్కు తింటుంది. పోయిన లిథియంకు తిరిగొచ్చే ఇల్లు ఉండదు. పదిహేనేళ్లుగా ఓతిలియా చేస్తున్నది ఆ గింజకు ఒక పలచటి చొక్కా తొడగడం, అంతే. కళ్లు కడుక్కోవడానికి వాడే బోరిక్ పొడిని ఆల్కహాలులో కరిగించి, నల్ల పొడిని అందులో తడిపి, ఆరబెట్టి, కొలిమిలో కాలుస్తుంది. చొక్కా అతుక్కుంటే గింజ బతుకుతుంది. ఇంత చిన్న పని. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లా అని తమ్ముడు అడిగాడు ఒకసారి, పంది మాంసం కట్లెట్ కోసుకుంటూ. పదమూడు నిమిషాలు.

ఏప్రిల్‌లో ఆ ఒక్క సెల్ వెయ్యి దాటిన రోజు. ఆ పొడితో నాలుగు చేస్తే మూడు మూత సరిగ్గా నొక్కుకోక మొదట్లోనే పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి మాత్రం వెయ్యోసారి కూడా యాభై అయిదు నిమిషాలు పట్టింది. తెర ముందు నిలబడి ఓతిలియా గట్టిగా అరిచింది, పక్క గదిలో వాళ్లు ఎవరో పడిపోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆగాల్సింది. ఇంకో నాలుగు చేసి, అవీ దాటాక చెప్పాల్సింది. ఆగలేదు, మే నెలలో ఇటలీ వెళ్లి రెండు వందల మంది ముందు నిలబడి వెయ్యి అని చెప్పింది, చప్పట్లు కొట్టించుకుంది. ఆ చప్పట్లు ఎంత బాగున్నాయో ఇప్పటికీ ఒప్పుకుంటుంది, దాచడం ఎందుకు. జూన్‌లో ఉత్తరాలు మొదలయ్యాయి. 'మీరు రాసినట్టే చేశాం, నాలుగు వందలు దాటలేదు.' ఒకరా ఇద్దరా. తను మళ్లీ చేసింది, మూడు వందల అరవైకి పోయాయి. బోరిక్ పొడి మార్చి చేసింది, ఆల్కహాలు మార్చి చేసింది, కొలిమి మార్చి చేసింది, చివరికి తన అదృష్టపు తెల్లకోటు వేసుకుని కూడా చేసింది, ఎవరికీ చెప్పలేదు గానీ. అన్నీ చచ్చాయి. ప్రతిసారీ నోటుబుక్కు తెరిచి, ఆ మొదటి పొడి చేసిన జనవరి పేజీ చూసుకునేది. ఆరబెట్టడం, ఎనభై డిగ్రీలు, రెండు గంటలు, తన చేతిరాతే, స్పష్టంగా. తన చేతిరాతను తను కాక ఇంకెవరు నమ్ముతారు?

పందొమ్మిది నిమిషాలు. గీత ఒకటే, మెల్లగా దిగుతోంది. సెవెరిన్ పెన్సిల్ చెక్కడం ముగించి చెత్తను అరచేతిలోకి ఎత్తుకుంటున్నాడు. ముఖం గోడ. తొంభై రోజులుగా ఈ ముఖం మీద రాసున్నదేదో చదవాలని ఓతిలియా పడని పాట్లు లేవు. క్యాంటీన్ వరుసలో వెనకే నిలబడి బీట్‌రూట్ సూపు తీసుకుంటూ చూసేది. ఉప్పు తక్కువైందని మూతి ముడిచాడా, సెల్స్ పోయాయని ముడిచాడా? ఒకరోజు ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. అంతే, ఓడిపోయాననుకుని ఆ రాత్రి అన్నీ సర్దుకుంది, మర్నాడు ఈల పిల్లాడి బడి నాటకంలోదని తెలిసింది. కానీ నవంబరులో ట్రాములో జరిగింది మాత్రం మరిచిపోలేదు. కిక్కిరిసి ఉంది, తడి కోట్ల వాసన, ఇతను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, ఆమెను చూడగానే దిగ్గున లేచి, "రండి డాక్టరు గారూ, కూర్చోండి" అన్నాడు. పదిహేనేళ్లలో ఎప్పుడూ లేనిది. జాలి పడుతున్నాడంటే సెల్స్ పోయినట్టే కదా. ఇంటికి వెళ్లి దీపం కూడా వేయకుండా కోటుతోనే మంచం మీద కూర్చుని, ఆ ఉత్తరంలో మొదటి మాట ఆ రాత్రే ఆలోచించింది. అప్పటి నుంచి ఇతను మర్యాదగా పలకరించినప్పుడల్లా ఆమె రెండో మాట వినకుండా మెట్లెక్కేసేది. పాత వెటకారమే హాయిగా ఉండేది, మేరీ మాత కన్నీళ్లే నయం.

"టీ తాగుతారా?" అన్నాడు సెవెరిన్. ఉలిక్కిపడింది. వద్దని తలాడించింది, వెంటనే కావాలనిపించింది, అడగలేకపోయింది. ఇరవై నాలుగు నిమిషాలు.

టీ అంటే గేన్యా గారు. గాజు గ్లాసులో నిమ్మకాయ ముక్క తేలుతూ, గ్లాసు వేడికి వేళ్లు మార్చుకుంటూ. గెనొవెఫా అసలు పేరు, అందరికీ గేన్యా గారే. ముప్ఫై ఏళ్ల కిందట దాకా ఈ ఊరి బట్టల మిల్లులో రంగుల విభాగంలో పనిచేసింది, మిల్లులు వరసగా మూతపడ్డాక ఈ సంస్థలో గాజుసామాను కడగడానికి చేరింది. ఇక్కడికొచ్చే ప్రతి పెద్ద మనిషినీ పట్టుకుని, "మా మిల్లులో అయితేనా" అని మొదలుపెడుతుంది. సెప్టెంబరు మొదటివారంలో ఓతిలియా బల్ల మీద ఫొటో పరుచుకుని తల పట్టుకుని కూర్చుని ఉంటే, గిన్నెల కోసం వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"ఏంటి తల్లీ, ఈ మచ్చల గుడ్డ?"

"గుడ్డ కాదండీ గేన్యా గారూ. పొడి. ఒక్క గింజను పదివేల రెట్లు పెద్దది చేసి తీసిన ఫొటో."

"ఏదైతేనేం, ఆదరాబాదరాగా ఆరబెట్టారు. ఇలాంటి తాను వస్తే మా మేస్త్రీ మూడో రకం కింద అవతల పడేసేవాడు. మంట ఎక్కువ పెడితే నీళ్లు పరుగెత్తుతాయి, రంగు కూడా వాటి వెనకాలే పరుగెత్తి ఓ చోట పోగు పడుతుంది. మిగతా గుడ్డ వెలవెలబోతుంది. చూడు, ఇక్కడ కుప్ప, అక్కడ బోడి."

"ఎనభై డిగ్రీలే కదండీ. మొదటిసారీ అంతే చేశాం."

"ఎవరు చేశారు? నా పేరు పండుగ నాడు ఆ గిన్నె గాలికి వదిలేసి అందరూ పోలా? మంగళవారం పొద్దున ఎండిపోయి ఉంటే, కడుక్కోవాలి ఖాళీ చేసివ్వమని నీ ప్రాణం తీసింది నేనే కదే పిల్లా!"

ఇరవై తొమ్మిది. గేన్యా గారు ఆ మాట అన్నాకే ఓతిలియాకు అంతా గుర్తొచ్చింది. జనవరి మూడు, శుక్రవారం, పునీత గెనొవెఫా రోజు, ఆ పేరున్న వాళ్లందరికీ పుట్టినరోజు లాంటి పేరు పండుగ. పదకొండింటికి గేన్యా గారు తలుపులు తట్టుకుంటూ వచ్చింది, యాపిల్ కేకు తెచ్చాను, రాని వాళ్లతో ఏడాదంతా మాట్లాడను అని. వెళ్లకపోతే ఊరుకుంటుందా? ఆల్కహాలును వేడి మీద పెట్టి గది వదలకూడదన్నది నియమం. అందుకని ఓతిలియా పొయ్యి ఆపేసింది, పది నిమిషాల్లో వచ్చేస్తాంలే అనుకుంది. కేకు ఒక ముక్క, దాల్చిన చెక్క వాసన. రెండో ముక్క. టీ గ్లాసుల్లోకి చెర్రీ పళ్ల సారా, ఎవరో కోటు జేబులో తెచ్చింది. సంస్థలో నిషిద్ధమే, నిషిద్ధమని చెప్పాల్సిన డైరెక్టరే లోపలికి వచ్చి గేన్యా గారి చెయ్యి ముద్దు పెట్టుకుని, నూరేళ్లు బతకమని దీవించి, గ్లాసు పట్టాడు. బయట మంచు మొదలైంది. వారాంతం ముందు శుక్రవారం, పైగా సోమవారం ముగ్గురు రాజుల పండుగ సెలవు, ఇంకెవరు పని చేస్తారు? ట్రాము స్టాపులో గుర్తొచ్చింది గిన్నె. ఆఁ, మంగళవారం చూసుకుందాంలే అనుకుంది. చెర్రీ సారా అనుకుంది ఆ మాట, ఆమె కాదు. సెలవు మూడు రోజులూ, చల్లటి గాలికి, ఎవరూ చూడకుండా, ఆల్కహాలు తీరిగ్గా ఆరిపోయింది. బోరిక్ పొడి పరుగెత్తలేదు, ఉన్నచోటే నిమ్మళంగా ప్రతి గింజ చుట్టూ సర్దుకుంది. మంగళవారం ఆమె దాన్ని గీకి కొలిమిలో పెట్టి, నోటుబుక్కు తెరిచి, ముందు పేజీల్లో ఏముందో అదే రాసింది. ఎనభై డిగ్రీలు, రెండు గంటలు. అబద్ధం చెప్పాలని కాదు. చెయ్యి అలవాటుగా రాసేసింది. అయినా ప్రయోగం పుస్తకంలో కేకు గురించి ఎవరు రాస్తారు? డైరెక్టరు చేతిలో సారా గ్లాసు గురించి ఎవరు రాస్తారు? ఈ దేశంలో ఏ ప్రయోగశాల పుస్తకం తీసినా పేరు పండుగల గంటలన్నీ ఇలాగే మాయమై ఉంటాయి.

ముప్ఫై మూడు నిమిషాలు. చచ్చిన సెల్స్ అన్నీ ఈపాటికి జారిపోయేవి. ఇవి ఉన్నాయి. ఉన్నాయి! ఊరుకో. చివర్లో గోడ మీంచి దూకినట్టు పడిపోవడం వీటికి అలవాటు, చెప్పి పడవు. డైరెక్టరు ముందు తప్పు ఒప్పుకున్న రోజు గుర్తొచ్చింది. "పుస్తకంలో ఉన్నది ఒకటి, చేసింది ఇంకొకటీనా డాక్టరు గారూ?" అన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు అనలేకపోయింది, అనుంటే బాగుండేదని మెట్లు దిగుతూ అనుకుంది. సెవెరిన్ ఆ గదిలోనే ఉన్నాడు. వెటకారం చేయలేదు. ఆమె కొత్తగా రాసిచ్చిన కాగితం తీసుకుని చదివాడు. 'వేడి పెట్టకూడదు. గాలికి వదిలేయాలి. మూడు రోజులు తొందరపడకూడదు.' రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకున్నాడు.

ముప్ఫై ఎనిమిది. ఆకుపచ్చ గీత కొంచెం కిందికి జారిందా? మిగతా రెంటికీ దీనికీ మధ్య వెంట్రుకంత సందు కనపడుతోంది. ఇందాక లేదు. ఉంది, ఇప్పుడు ఉంది. అడగాలి. అడగకూడదు. ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది ఓతిలియాకు, వదిలింది. చిన్నప్పుడు సరస్సులో మునిగి ఊపిరి బిగబట్టే పందెం. గట్టు మీద పెద్దమ్మ కొడుకు లెక్కపెట్టేవాడు. ఒక వేసవిలో ఆమె అరవై దాకా ఉంది, పిల్లలంతా భుజాల మీద ఎత్తుకున్నారు. తర్వాతెప్పుడో, పెద్దయ్యాక, ఎవరి పెళ్లిలోనో వాడు తాగి చెప్పేశాడు, నీకోసం గబగబా లెక్కపెట్టాను, నువ్వున్నది నలభైయే అని. ప్రేమతోనే చేశాడు. కానీ ఆమెకు ఆ వేసవి మొత్తం చేతిలోంచి జారిపోయినట్టయింది. అప్పటి నుంచి ఎవరైనా తనవైపు మొగ్గి లెక్కపెడుతున్నారేమోనని అనుమానం, తనే తనవైపు మొగ్గుతున్నానేమోనని ఇంకా అనుమానం. అందుకే ఈ లెక్క సెవెరిన్ చేతిలో ఉండటం మంచిదే. ఇతను తనకోసం గబగబా లెక్కపెట్టే రకం కాదు. నలభై ఒకటి. నలభై రెండు. ఈసారి గెలిస్తే, అది ఆ వేసవిలా చేతిలోంచి జారిపోదు.

నలభై నాలుగు. ఆకుపచ్చ ఇంకా వెంట్రుక వాసి కిందే ఉంది, అంతకన్నా దిగలేదు. సెవెరిన్ కుర్చీ కిర్రుమంది, లేచి తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. అతని మెడ మీద, చొక్కా కాలరు పైన, చెమట. డిసెంబరులో చెమట! ఇతనికి తెలుసు, వీటి చరిత్రంతా తెలుసు, అయినా చెమట పడుతోంది. ఎందుకు? నలభై ఆరు. బయట ట్రాము వెళ్లింది, కిటికీ అద్దం వణికింది, గీతలు కూడా వణికాయేమో అనిపించింది, వణకలేదు. నలభై ఏడు. ఇప్పుడు పడితే ఒక్క నిమిషం తేడాతో పోయినట్టు. సంచిలో ఉత్తరం, బల్ల మీద పెన్సిల్, సంతకానికి పెన్సిల్ పనికిరాదు, పెన్ను ఉందా? నలభై ఏడు ముప్ఫై. గేన్యా గారి పేరు పండుగ ఇంకో మూడు వారాల్లో. నలభై ఏడు యాభై. యాభై అయిదు. ఎనిమిది, తొమ్మిది.

నలభై ఎనిమిది.

అంకె మారింది, గీతలు మారలేదు. మూడూ ఇంకా అంత ఎత్తునే ఉన్నాయి, ఆకుపచ్చతో సహా, తమకు ఆ అంకెతో సంబంధం లేనట్టు. నలభై ఎనిమిది ఇరవై. నలభై తొమ్మిది. ఓతిలియా లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియదు, గుండె నిండిపోయి కూర్చోవడానికి చోటు చాలలేదు. ఒక్క సెల్ కాదు, మూడు. తన చెయ్యి పడనివి, తనను నమ్మనివాడు చేసినవి. తొంభై రోజుల పాటు వెయ్యిసార్లు ముడుచుకుని ఉబ్బి, పగలకుండా, పోయిన లిథియంను ప్రతిసారీ ఇంట్లోకి రానిచ్చినవి. నిజం! ఏప్రిల్ నిజం, తన అరుపు నిజం, ఆ చప్పట్లు కొంచెం ముందుగా వచ్చాయి గానీ అవీ నిజమే. యాభై. యాభై ఒకటి. గొంతులోంచి నవ్వు పొంగుకొస్తోంది, ఏడుపు కూడా దానితో కలిసే వస్తోంది, రెంటినీ ఆపడం మానేసింది.

సెవెరిన్ వంగి బల్ల కింద అట్టపెట్టె తీశాడు. కత్తితో పురికొస కోశాడు. గసగసాల కేకు, పైన తెల్లటి పాకం పూత మెరుస్తోంది.

"ఇంటికనుకున్నాను," అంది ఓతిలియా, ముక్కు చీదుకుంటూ.

"పొద్దున కొన్నాను. తొమ్మిది వందల తొంభై తొమ్మిదోసారి ఎంత వచ్చిందో చెప్పనా?"

"వద్దు."

"యాభై అయిదు నిమిషాల పది సెకన్లు. మూడూ ఇంచుమించు అంతే."

"వద్దన్నానా!"

"తొంభై రోజులు నోరు కట్టుకున్నాను డాక్టరు గారూ, ఇక నా వల్ల కాదు. పాత పద్ధతిలో ఇంకో మూడు చేశాను, మీకు చెప్పలేదు. అవి నాలుగు వందలు కూడా చూడలేదు."

"మరి ట్రాములో సీటిచ్చింది?"

అతను కేకు వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు ఆరు వందలు దాటాయి. మిమ్మల్ని నిలబెట్టి నేను కూర్చోవడానికి సిగ్గేసింది. ఆ మేరీ మాత మాట కూడా... అనకుండా ఉండాల్సింది."

ఆ కోటుతో మంచం మీద కూర్చున్న రాత్రి, దీపం లేని రాత్రి, అతని సిగ్గు వల్లా! ఓతిలియా పకపకా నవ్వింది. ఆ నవ్వుకు తలుపు తోసుకుని గేన్యా గారు వచ్చింది, తడిచేతులు ముందుగుడ్డకు తుడుచుకుంటూ.

"ఏంటీ గోల? ఎవరైనా చచ్చారా?"

"ఎవరూ చావలేదు గేన్యా గారూ. అదే సంగతి."

గేన్యా గారు తెర వైపు ఒకసారి, కేకు వైపు రెండుసార్లు చూసింది. "నిదానంగా ఆరబెట్టారన్న మాట. మా మిల్లులో అయితే ఈపాటికి నన్ను మేస్త్రీని చేసేవాళ్లు. బాబూ, ఇక్కడ తినకూడదు, విషాలుంటాయి, టీ గదిలోకి పట్టుకురా. అయ్యో, పాకం కారుతోంది, ఏదైనా కాగితం ఉంటే ఇవ్వవే పిల్లా."

ఓతిలియా సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది.

"దీని మీద ఏదో రాసుందే."

"పర్లేదండీ. ఇవాళ్టి నుంచి అది అబద్ధం."

గేన్యా గారు దాన్ని మడిచి పెట్టె కింద వేసింది. పాకం మెల్లగా సంతకం ఖాళీలోకి పాకింది. సెవెరిన్ పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి, ప్రయోగం పుస్తకాన్నీ చెక్కిన పెన్సిల్‌నూ కళ్లతో చూపించాడు. "యంత్రాన్ని వదిలి వెళుతున్నాం, ఎవరైనా రాయాలి. మీరు రాయండి. ఈసారి జరిగింది జరిగినట్టు."

ఆమె కూర్చుంది, ఈసారి ఎలా కూర్చోవాలో ఆలోచించలేదు. గడియారం యాభై మూడు నిమిషాలు దాటుతోంది, మూడు గీతలూ ఇంకా నడుస్తున్నాయి. పెన్సిల్ మొన పదునుగా ఉంది. తేదీ వేసి, ఒక్క మాట దాచకుండా రాసింది.

'పదకొండు నలభై అయిదు. మూడు సెల్స్ బతికే ఉన్నాయి. గేన్యా గారితో కలిసి కేకు తినడానికి వెళ్లాం.'